విశాఖ తీరంలో యుద్ధం జ్ఞాపకాలు రికార్డు చేయడం ఎలా: 1942, 1971, ఇప్పటి ఒడ్డు

విశాఖ ఒడ్డున ఉన్న మత్స్యకార పేటల్లో రెండు యుద్ధాల మాటలు ఉన్నాయి. ఒకటి 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన రోజు. రెండోది 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ రేవు బయట మునిగిన రాత్రి. వీటిని పెద్దల నోట రికార్డు చేద్దామని బయల్దేరేవాళ్ళు చాలామంది యుద్ధం గురించే అడిగి, మిగతా మాటలు వస్తే రికార్డర్ ఆపేస్తారు. అలా చేస్తే సగం పోయినట్టే. ఆ పెద్దలకు ఏ సంగతైనా చోటుతోపాటే గుర్తుంటుంది: ఫలానా ఇసుక దిబ్బ, ఫలానా గుడి, తెప్పలు లాగిన ఫలానా చోటు. ఆ చోట్లలో కొన్ని ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయి, కొన్ని నేవీ గోడల లోపల ఉన్నాయి. కాబట్టి యుద్ధం మాట, ఒడ్డు కోత మాట, పేటలు ఖాళీ చేయించిన మాట ఒకే కూర్చోడంలో తీసుకోవాలి.

ఎప్పుడు వెళ్ళాలి

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. మగవాళ్ళు ఊళ్ళో ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. మాట్లాడించడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. ఎండ మాత్రం చూసుకోవాలి: పొద్దున 7 నుంచి 9, లేదా సాయంత్రం 5 తర్వాత. చేపలమ్మే ఆడవాళ్ళకు నిషేధంలోనూ ఎండుచేపల బేరం ఉంటుంది, వాళ్ళను మధ్యాహ్నం భోజనాలయ్యాక కలవండి.

డిసెంబర్ మొదటి వారంలో మాత్రం వెళ్ళొద్దు. 4న నేవీ డే. దానికి ముందు రోజుల్లో ఆర్కే బీచ్ మీద విన్యాసాల రిహార్సల్స్ జరిగే ఏడాదైతే హెలికాప్టర్ల మోతకు రికార్డింగు పనికిరాదు. అంతకంటే పెద్ద చిక్కు, ఆ వారమంతా టీవీవాళ్ళు అవే పేటల్లో తిరుగుతారు. పెద్దాయన నాలుగు కెమెరాలకు చెప్పిన కథనే అయిదోసారి మీకూ చెబుతాడు, నున్నగా, అంచులు అరిగిపోయి.

ముందుగా కుల పెద్దలతో మాట్లాడండి. ఎందుకు, ఎవరికోసం, రికార్డింగు ఎక్కడ ఉంటుంది అన్నవి చెప్పాలి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. నష్టపరిహారం తగాదాలు నడుస్తున్న పేటల్లో కొత్త ముఖం రికార్డర్ తీస్తే ఏ కంపెనీ తరఫునో, ఏ ఆఫీసు తరఫునో వచ్చాడనుకుంటారు. ఒకసారి ఆ పేరు పడితే ఎవరూ నోరు విప్పరు.

రికార్డర్, మైకు, సముద్రం హోరు

ఫోను చాలు, కానీ ఫోను సొంత మైకు చాలదు. చొక్కాకు తగిలించే చిన్న మైకు, దాని మీద బొచ్చు తొడుగు తప్పనిసరి. నురుగు తొడుగు ఇంట్లో ఫ్యాను గాలికి పనికొస్తుంది, ఒడ్డు గాలికి ఆగదు. మైకును గడ్డానికి జానెడు కింద పెట్టండి. పెద్దలు మెడలో తువ్వాలు వేసుకుంటారు, మాట్లాడుతూ సర్దుకుంటారు. ఆ రాపిడి శబ్దం తర్వాత ఏం చేసినా పోదు. తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకోమనండి.

సముద్రానికి ఎదురుగా కూర్చోబెడితే ఫొటో బాగుంటుంది, మాట బాగుండదు. రికార్డింగు ఇంట్లో, సముద్రం వైపు తలుపు మూసి, ఫ్యాను ఆపి చేయాలి. రికార్డింగు యాప్‌లో 'లో కట్' (తక్కువ శ్రుతి హోరును కోసేసే అమరిక) ఉంటే 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టండి, దూరపు హోరు తగ్గుతుంది. 150 దాటిస్తే పెద్దాయన గొంతు పలచబడిపోతుంది. రేకుల ఇల్లైతే మధ్యాహ్నం వేడికి రేకులు టకటక కొడతాయి, ఆ వేళ వద్దు.

ఫార్మాట్ వేవ్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. గంటకు సుమారు 518 ఎంబీ అవుతుంది. గంటన్నర ఇంటర్వ్యూకు 1 జీబీ ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా అసలు మాట దగ్గర కాల్ వస్తుంది, కొన్ని ఫోన్లలో రికార్డింగు అక్కడితో ఆగిపోతుంది. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి: పేట, తేదీ, వరుస సంఖ్య. మనిషి పేరు ఫైలు పేరులో వద్దు, అది విడిగా ఒక పుస్తకంలో ఉండాలి.

అనుమతి

అనుమతి కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం కంటే రికార్డింగు మొదట్లోనే నోటిమాటగా తీసుకోవడం నయం. వేలిముద్ర అంటే ఆ పేటల్లో భూమి కాగితాలు గుర్తొస్తాయి. అడగాల్సింది మూడు: పేరుతో బయటపెట్టొచ్చా, పేరు లేకుండా బయటపెట్టొచ్చా, ఇంట్లోవాళ్ళకే ఉంచాలా. మధ్యలో "ఇది రాయకు బాబూ" అంటే ఆ నిమిషం, సెకను నోట్ చేసుకుని తర్వాత విడి ఫైలుగా తీసేయండి.

డబ్బు ఇవ్వొద్దు. ఒకరికి ఇస్తే మర్నాటికి అందరూ 1971లో ఒడ్డునే ఉన్నవాళ్ళవుతారు. బదులుగా రికార్డింగు కాపీ ఇవ్వండి. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే నాణ్యత తగ్గిపోవచ్చు. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెమరీ కార్డులో వేసి ఇంట్లో కుర్రాళ్ళకు ఇవ్వండి.

వయసు లెక్క, చూసింది, విన్నది

1942 దాడి జరిగిన రోజుకు ఎనిమిదేళ్ళున్నవాళ్ళు 1934లో పుట్టి ఉండాలి. కాబట్టి ఆ దాడి గురించి ఇవాళ దొరికేది దాదాపు అంతా తల్లిదండ్రులు చెప్పగా విన్నది. 1971కి పదిహేనేళ్ళ కుర్రాడు 1956లో పుట్టినవాడు. కళ్ళతో చూసినవాళ్ళు దొరుకుతారు. ఆధార్ కార్డు మీద పుట్టిన తేదీ జనవరి 1 అనో జూలై 1 అనో ఉంటే దాన్ని నమ్మొద్దు, అంచనాగా వేసిన తేదీ కావచ్చు అది. పెళ్ళి, పిల్లలు ఇలాంటి సంగతులకు ముందో తర్వాతో అడిగి కొలవండి: ఉక్కు ఫ్యాక్టరీకి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది 1971 జనవరి 20న, జై ఆంధ్ర ఉద్యమం 1972-73లో, దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న. "ఉప్పెన నాటికి నీకెంతమంది పిల్లలు తాతా?" అంటే వచ్చే జవాబు ఏ కార్డు కంటే గట్టిది.

రాతప్రతిలో ప్రతి సంగతి పక్కనా ఒక అక్షరం వేయండి: చూసింది "చూ", విన్నది "వి", అందరూ అనుకునేది "అ". పని చిన్నదే, చివర్లో చేస్తాంలే అనుకుంటే మాత్రం ఎప్పటికీ జరగదు. అదేరోజు రాత్రి చేయాలి.

ప్రశ్న అడిగే తీరు

"ఘాజీ పేలినప్పుడు పెద్ద శబ్దం విన్నారా?" అని అడిగితే అందరూ విన్నామనే అంటారు. ప్రశ్నలోనే జవాబు ఉంది. "ఆ చలికాలంలో రాత్రిళ్ళు ఎలా ఉండేవి?" అని మొదలుపెట్టండి. దీపాలు, కిటికీలకు నల్లకాగితం, బళ్ళ హెడ్‌లైట్లకు సగం వరకు నల్లరంగు, ఇవి వాళ్ళంతట వాళ్ళే చెప్పాలి. తర్వాత వేట: "ఆ రోజుల్లో వేట ఎలా సాగింది?" వేటకు వెళ్ళనిచ్చారా, ఆపారా అన్నది మీ నోట రాకూడదు. ఆ తర్వాతే మర్నాడు పొద్దున్న ఒడ్డుకు ఏమైనా వచ్చిందా అని.

ఘాజీ ఎలా మునిగిందన్నదానికి రెండు వాదాలున్నాయి. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి అడుగున పేలే బాంబుల) వల్లేనని మన నేవీ చెబుతుంది, ఘాజీ తాను పరిచిన మైన్ల (నీటిలో పెట్టే మందుపాతరల) వల్లనే ప్రమాదం జరిగిందని పాకిస్తాన్ అంటుంది. ఒడ్డున ఉన్న మనిషి ఆ తగవు తీర్చలేడు, తీర్చమని మీరు అడగకూడదు. అతను చెప్పగలిగింది మోత, తలుపుల అదురు, మర్నాడు నీళ్ళ మీద తేలిన నూనె, వస్తువులు. శిథిలాల ముక్కలు మొదట మత్స్యకారుల కళ్ళకే పడ్డాయన్నది నేవీవాళ్ళ కథనాల్లోనే ఉంది, కాబట్టి ఈ వివరాలకు విలువ ఉంది. ఏ వస్తువు, ఎంత పొడవు, ఏ రంగు, ఎవరికి ఇచ్చారు అని విడివిడిగా అడగండి.

పొసగని మాట పట్టుకోవడం

పెద్దలు అబద్ధం చెప్పరు, జ్ఞాపకం మీద జ్ఞాపకం పేరుకుంటుంది. పైపొర ఏదో గుర్తుపట్టడానికి కొన్ని గట్టి గుర్తులు పెట్టుకోండి.

1971 డిసెంబర్ 3 శుక్రవారం. డిసెంబర్ 2 మార్గశిర పౌర్ణమి. అంటే ఆ రాత్రి పొద్దు గూకిన కాసేపటికే చంద్రుడు వచ్చేశాడు, అర్ధరాత్రికి నడినెత్తి దగ్గర ఉన్నాడు. "చిమ్మచీకటి, కంటికి చెయ్యి కనబడదు" అని ఎవరైనా అంటే రెండు సందర్భాలుండొచ్చు: వీధి దీపాలు లేని చీకటి గురించి అంటున్నారు, లేదా రెండు వారాల తర్వాత అమావాస్య రోజుల్లోని మరో రాత్రిని దీనితో కలిపేశారు. "ఆ రాత్రి వెన్నెలుందా పిన్నీ?" అన్న ఒక్క ప్రశ్న చాలు, చాలాసార్లు వాళ్ళే సర్దుకుంటారు. వేట చేసినవాళ్ళకు చంద్రుడి లెక్క తేదీల కంటే బాగా గుర్తుంటుంది, పోటూ పాటూ దాంతోనే కదా.

1942 దాడి చిత్రభాను సంవత్సరం ఉగాది వెళ్ళిన సుమారు మూడు వారాలకు జరిగింది, సోమవారం. ఎండాకాలం. "వానల్లో బాంబులేశారు" అంటే మరో సంగతి కలిసిందన్నమాట. ఆ దాడికి వచ్చిన విమానాలు ర్యూజో అనే ఓడ మీంచి లేచినవి. ముందు రోజు, ఈస్టర్ ఆదివారం నాడు, జపాన్ కొలంబో మీద పడింది.

ఇంకా కొన్ని: ఈనాడు మొదలైంది 1974 ఆగస్టు 10న, కాబట్టి 1971లో అందులో చదివానన్నది కుదరదు. విమానవాహక నౌక విక్రాంత్ 1971లో ఆ రాత్రి విశాఖ రేవులో లేదు, ముందే అండమాన్ వైపు తరలించారు. ఉందని శత్రువు నమ్మేలా వదంతులు పుట్టించారు కాబట్టి ఊళ్ళో ఉందనుకున్నవాళ్ళు ఉండటం సహజం. ఆ మాట తప్పని కొట్టేయకండి. ఊరు ఏం నమ్మిందన్నదానికి అదే సాక్ష్యం, పక్కన "అ" వేసి ఉంచండి. కురుసుర సబ్‌మెరైన్ బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా తెరిచింది 2002లో, దగ్గర్లోని విజయ స్మారకం 1996లో; వీటిని ఆనవాలుగా పెట్టి "ఇక్కడే" అని చూపిస్తే, ఇవేవీ లేనప్పటి ఆనవాలు ఏమిటని అడగండి. 2017లో వచ్చిన సినిమాలో మన సబ్‌మెరైనే ఘాజీని ముంచినట్టు చూపించారు. పెద్దాయన నోట నీటి అడుగున రెండు సబ్‌మెరైన్ల పోరు వచ్చిందంటే అది తెర మీద చూసింది.

చోటు గుర్తించడం

పటం కాగితం మీద మొదలుపెట్టొద్దు. ఇసుకలో కర్రతో గీయమనండి. సముద్రం, కొండ, గుడి, తెప్పలు లాగిన చోటు, ఇళ్ళ వరస. డాల్ఫిన్ నోస్ కొండ ఎటు ఉందో ముందు పెట్టిస్తే మిగతావి దాని చుట్టూ సర్దుకుంటాయి. నిలబడి పైనుంచి ఫొటో తీసి, పక్కన స్కేలుగా చెప్పు పెట్టండి. తర్వాతే దాన్ని గూగుల్ ఎర్త్ పాత చిత్రాలతో పోల్చండి. ఆ చిత్రాలు 2000ల కంటే వెనక్కి పనికొచ్చేంత స్పష్టంగా వెళ్ళవు. అమెరికా సైన్యం 1950లలో అచ్చేసిన 1:2,50,000 పటాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఊరి పేర్లకు బాగుంటాయి, ఒడ్డు గీత కొలవడానికి వద్దు. అందులో 1 మిల్లీమీటరు నేల మీద 250 మీటర్లు. పెన్సిలు గీత మందమే ఒక పేటను మింగేస్తుంది.

సముద్రం మీది చోటును వేటగాళ్ళు రెండు జతల కొండ గుర్తులతో చెబుతారు: ఫలానా కొండ మొన ఫలానా కట్టడం మీదికి వచ్చినప్పుడు, మరోవైపు ఫలానా రెండూ కలిసినప్పుడు. రెండు జతలూ రాసుకోండి, ఒక్కటి రాస్తే అది గీతే, చోటు కాదు. కుర్రాళ్ళు జీపీఎస్ అంకెలు ఇస్తే పద్ధతి చూడండి. పడవల్లోని జీపీఎస్ సాధారణంగా డిగ్రీలు, దశాంశ నిమిషాలు చూపిస్తుంది. 17 డిగ్రీల 41.500 నిమిషాలంటే 17.69167 డిగ్రీలు. ఎక్కువమంది దాన్ని 17.41500 అని రాసేస్తారు. తేడా దాదాపు 30 కిలోమీటర్లు. నిమిషాలను 60తో భాగించి డిగ్రీలకు కలపాలి, అంతే.

నేవీ గోడలు, గేట్లు, జెట్టీల ఫొటోలు తీయొద్దు, డ్రోన్ అసలే ఎగరేయొద్దు. పెద్దాయన పాత ఇంటి చోటు ఇప్పుడు నిషిద్ధ ప్రాంతంలో ఉంటే ఇసుక పటంతో సరిపెట్టుకోండి.

వలలో పాత ఇనుము, గుండు లాంటిది పడి ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటే ముట్టుకోకండి, తుప్పు గీకనివ్వకండి, కదిలించి ఫొటో తీయకండి. లోపలి మందు ఏళ్ళు గడిచినకొద్దీ చచ్చిపోతుందన్నది పొరపాటు, కొన్ని రకాలు ఇంకా సున్నితమవుతాయి. ఇంట్లోవాళ్ళను దూరంగా పంపి 112కు గానీ తీర రక్షణ పోలీసుల 1093కు గానీ చెప్పండి. సముద్రం మీదే పడితే కోస్ట్ గార్డ్ 1554.

ఒడ్డు కోత కొలవడం

ఇంటర్వ్యూలో "సముద్రం వంద గజాలు లోపలికొచ్చింది" అన్న మాట వస్తుంది. దాని పక్కన మీ కొలత ఒకటి ఉండాలి. కదలని గుర్తు ఎంచుకోండి: గుడి మెట్టు, సిమెంటు దిమ్మ. కరెంటు స్తంభం వద్దు, వాటిని మారుస్తుంటారు. అక్కడినుంచి సముద్రం వైపు సూటిగా 50 మీటర్ల టేపు పట్టి, పోటు తడి ఎక్కడిదాకా వచ్చిందో ఆ ఎత్తైన గీత వరకు కొలవండి. నీటి అంచు వరకు కాదు: పదికి ఒకటి వాలున్న ఇసుకలో నీటిమట్టం 1 మీటరు తేడా వస్తే అంచు 10 మీటర్లు జరుగుతుంది. నెలకు రెండుసార్లు, పౌర్ణమి, అమావాస్యల మర్నాడు, అదే గుర్తు నుంచి.

తప్పు జరిగేది పోలికలో. నైరుతి వానల్లో అలలు ఇసుకను తీసుకుపోతాయి, చలికాలంలో కొంత తిరిగొస్తుంది. ఆగస్టును ఫిబ్రవరితో పోలిస్తే కోత కాకపోయినా కోతలా కనిపిస్తుంది. ఆగస్టును వచ్చే ఆగస్టుతోనే పోల్చాలి. ఇంకొకటి, ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. హార్బర్ గోడలు దాన్ని ఆపుతాయి కాబట్టి డ్రెడ్జర్‌తో తోడిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. పోసిన తేదీ రాసుకోకపోతే సముద్రం వెనక్కి తగ్గిందని మీ పుస్తకం అబద్ధం చెబుతుంది. 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ లాంటి తుపానుకు ముందు, తర్వాత కొలతల మధ్య అడ్డగీత గీయండి.

రాతప్రతి, కాగితాలు

యాస దిద్దొద్దు. "ఎల్లినాం", "సూసినాం", "ఏటి" అన్నది అలాగే ఉండాలి. ఫోను వాయిస్ టైపింగ్ వీటిని "వెళ్ళాం", "చూశాం" అని మార్చేస్తుంది, వేట మాటలనైతే ఇంకేదో చేస్తుంది. కాబట్టి అది ముసాయిదాకే. గంట రికార్డింగుకు చేత్తో రాయడం అయిదారు గంటల పని, ముందే లెక్కేసుకోండి. రాసింది మళ్ళీ ఆ పెద్దాయనకే చదివి వినిపించాలి. చేపల పేర్లు, మనుషుల వరసలు, పాత పేటల పేర్లు అక్కడ సరిపోతాయి.

ఖాళీ చేయించిన మాట వస్తే తేదీ, ఎకరాలు జ్ఞాపకం మీద వదిలేయొద్దు. సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజులు. నేవీని అడిగితే భద్రత కారణంగా సెక్షన్ 8(1)(ఎ) కింద నిరాకరించే వీలుంది, ఇరవయ్యేళ్ళు దాటిన కాగితమైనా ఆ మినహాయింపు పోదు. అందుకని రెవెన్యూవాళ్ళనే అడగండి: భూసేకరణ నోటిఫికేషన్ నకలు, అవార్డు (పరిహారం నిర్ణయించిన ఉత్తర్వు) నకలు, సర్వే నంబర్లు. ప్రశ్న "ఎందుకు తీసుకున్నారు" అని కాకుండా "ఫలానా నోటిఫికేషన్ నకలు ఇవ్వండి" అని ఉండాలి. ఎందుకు అన్నదానికి ఆఫీసులో కాగితం ఉండదు, లేదనే జవాబు వస్తుంది.

ఈ రికార్డింగులు ఏదైనా ప్రాజెక్టు మీద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సభలో పెట్టాలనుకుంటే గడువు చూసుకోండి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రికలో. ఆ నెలరోజుల్లో కొత్తగా రికార్డు చేయడం కుదరదు, చేతిలో ఉన్నదాంట్లోంచి తీయాలి. రెండు పేజీలు మించొద్దు: ఒక పెద్దాయన మాట అతని యాసలోనే, పక్కన "చూ" గుర్తు, ఇసుక పటం ఫొటో, అదే నెల రెండేళ్ళ కొలతలు, రెవెన్యూ నకలు. రెండు కాపీలు పట్టుకెళ్ళి ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. సభలో మైకులో చెప్పింది మినిట్స్‌లో (సభ గురించి రాసే నమోదులో) కుదించుకుపోవచ్చు. ముద్ర పడిన కాగితం ఫైల్లో ఉంటుంది. పెట్టేముందు ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళి అడగండి, యుద్ధం కథకని ఇచ్చిన అనుమతి దీనికి చెల్లదు.

అసలు వేవ్ ఫైళ్ళు మూడుచోట్ల ఉంచండి: మీ హార్డ్ డిస్కు, ఊరు దాటి మరొకరి దగ్గర ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. మూడూ బీచ్ రోడ్డు పక్క ఇళ్ళలోనే పెడితే ఒక తుపానుకే మూడూ పోతాయి. ఏడాదికోసారి ప్రతి కాపీలోనూ రెండు మూడు ఫైళ్ళు తెరిచి వినండి.